అతిథి ప్రదర్శన, ఆతిథేయి పత్రాలు: అమెరికా అధ్యక్ష మ్యూజియాల్లో తాత్కాలిక ప్రదర్శనల పరిశీలన

వ్యాస సంగ్రహం

అమెరికాలో మాజీ అధ్యక్షుల పేర నడిచే మ్యూజియాల్లో శాశ్వత గ్యాలరీ ఒక నాయకుడి కథ చెబుతుంది. పక్కనే కొన్ని నెలలకొకసారి మారే హాలు ఒకటి ఉంటుంది. అందులోకి వచ్చే ప్రదర్శనల్లో కొన్ని బయటి సంస్థలు పంపినవి, కొన్ని అరువు వస్తువులతో కూర్చినవి, కొన్ని ఆ సంస్థ సొంత పత్రాలలోంచి పుట్టినవి. సిమీ వ్యాలీ, హైడ్ పార్క్, బోస్టన్, స్ప్రింగ్‌ఫీల్డ్ నగరాల ఉదాహరణలతో ఈ ప్రదర్శనల తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆతిథ్యమిచ్చిన సంస్థ తన పత్రాలను ప్రదర్శన అంశం ముందు ఎంతవరకు తెరిచి పెట్టిందో దాన్నిబట్టే ప్రదర్శన చారిత్రక విలువను తూచాలన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలక పదాలు: అధ్యక్ష లైబ్రరీలు, తాత్కాలిక ప్రదర్శన, నేషనల్ ఆర్కైవ్స్, అరువు ఒప్పందం, ప్రజా చరిత్ర

1. ప్రస్తావన

1941 జూన్ 30న న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్ పార్క్‌లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ తన లైబ్రరీని, మ్యూజియాన్ని ప్రజలకు అంకితం చేశారు. అంతకుముందు అధ్యక్షులు పదవి దిగేటప్పుడు కాగితాలను సొంత ఆస్తిగా వెంట తీసుకుపోయేవారు. వాటిలో కొన్ని వారసుల చేతుల్లో చెదిరిపోయాయి, కొన్ని అమ్ముడయ్యాయి, కొన్ని కాలిపోయాయి. రూజ్‌వెల్ట్ విరాళాలతో భవనం కట్టించి, కాగితాలతో సహా ప్రభుత్వానికి అప్పగించారు. 1955 నాటి ప్రెసిడెన్షియల్ లైబ్రరీల చట్టం ఈ పద్ధతినే వ్యవస్థగా మార్చింది. కట్టేది ప్రైవేటు సొమ్ముతో, నడిపేది ప్రభుత్వం. 1978 చట్టం మరో అడుగు ముందుకు వేసి, 1981 జనవరి 20 తర్వాతి అధ్యక్షుల అధికారిక రికార్డులన్నీ జాతి ఆస్తేనని తేల్చింది.

హెర్బర్ట్ హూవర్ మొదలు జార్జ్ డబ్ల్యూ. బుష్ దాకా 13 మంది అధ్యక్షుల మ్యూజియాలు నేషనల్ ఆర్కైవ్స్ పరిధిలో ఉన్నాయి. ఇల్లినాయ్ రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 2005లో తెరిచిన అబ్రహాం లింకన్ మ్యూజియం రాష్ట్ర ప్రభుత్వానిది. చికాగోలో బరాక్ ఒబామా పేర నిర్మించిన కేంద్రం ఆయన ఫౌండేషన్ ఆధీనంలో ఉంది. యాజమాన్యాలు వేరైనా అన్నింటికీ ఎదురయ్యే చిక్కు ఒకటే. శాశ్వత గ్యాలరీని ఒకసారి చూసినవారు మళ్లీ ఎందుకు రావాలి? తాత్కాలిక ప్రదర్శన ఈ ప్రశ్నకు జవాబుగా పుట్టింది. అయితే దాని వల్ల ఒనగూరేది టిక్కెట్ల రాబడి ఒక్కటే కాదు. అధ్యక్షుడి కథలో ఇమడని చరిత్రకు చోటు దొరికేది కూడా ఆ హాల్లోనే.

2. శాశ్వత గ్యాలరీ ఎవరి గొంతు?

1986 చట్టం ప్రకారం కొత్త లైబ్రరీ భవనాన్ని ప్రభుత్వానికి అప్పగించేటప్పుడు నిర్వహణ కోసం నిర్మాణ వ్యయంలో 20 శాతం నిధిని కూడా సమకూర్చాలి. 2008లో ఇకమీదటి అధ్యక్షులకు దాన్ని 60 శాతానికి పెంచారు. ఈ భారమంతా అధ్యక్షుడి అభిమానులు, మిత్రులు కూడి పెట్టుకున్న ఫౌండేషన్ మీద పడుతుంది. శాశ్వత గ్యాలరీకి డబ్బు పెట్టేదీ చాలాచోట్ల వారే. డబ్బు పెట్టినవారి మాట గోడల మీది వ్యాఖ్యల్లో వినబడటంలో ఆశ్చర్యం లేదు.

కాలిఫోర్నియాలోని యోర్బా లిండాలో రిచర్డ్ నిక్సన్ మ్యూజియం ఇందుకు స్పష్టమైన దాఖలా. 1990లో ప్రైవేటు సంస్థగా తెరిచినప్పుడు అక్కడి వాటర్‌గేట్ గ్యాలరీ నిక్సన్ తరఫు వాదనను వినిపించింది. ప్రత్యర్థులు ఆయన్ను గద్దె దించడానికి చేసిన ప్రయత్నంగా ఆ కుంభకోణాన్ని చూపింది. 2007లో మ్యూజియం నేషనల్ ఆర్కైవ్స్ చేతికి వచ్చాక, చరిత్రకారుడైన డైరెక్టర్ తిమోతీ నఫ్తాలీ ఆ గ్యాలరీని తీసేయించారు. టేపులు, పత్రాలు, సాక్షుల ఇంటర్వ్యూలతో కొత్త గ్యాలరీని రూపొందించారు. ఫౌండేషన్ గట్టిగా అభ్యంతరం చెప్పింది. చివరికి 2011 మార్చి 31న అది తెరుచుకుంది. శాశ్వత గ్యాలరీలో ఒక్క అధ్యాయం మారడానికి ఇరవయ్యేళ్లకు పైగా పట్టిందన్నమాట. ఏడాది తిరగకముందే కొత్త అంశానికి చోటిచ్చే తాత్కాలిక హాలు ప్రాధాన్యం ఏమిటో ఈ నేపథ్యంలో తెలుస్తుంది.

3. పెట్టెలు దిగే ముందు

ప్రదర్శనను రప్పించుకోవడం హాలు ఖాళీగా ఉన్నంత మాత్రాన కుదిరే పని కాదు. అరువిచ్చే సంస్థ ముందుగా ఆతిథేయి భవనం గురించి సవివరమైన నివేదిక అడుగుతుంది. ఉష్ణోగ్రత, గాలిలో తేమ, మంటలార్పే ఏర్పాట్లు, కాపలా, సరుకు దించే దారి, తలుపుల కొలతలు అన్నీ అందులో ఉండాలి. సాధారణంగా తేమ 50 శాతం దరిదాపుల్లో నిలకడగా ఉండాలంటారు. కాగితం, బట్ట వంటి సున్నితమైన వస్తువుల మీద వెలుతురు 50 లక్స్ దాటకూడదన్నది వృత్తిలో స్థిరపడిన కొలమానం. అందుకే పాత ఉత్తరాలున్న గది ఎప్పుడూ మసక వెలుగులోనే ఉంటుంది.

పెట్టెలు దిగిన వెంటనే తెరవరు. కొత్తచోటి వాతావరణానికి అలవాటు పడేలా ఒక రోజు అలాగే ఉంచుతారు. తెరిచాక ప్రతి వస్తువును ఫొటోలతో పోల్చి చూసి, గీత పడినా మరక పడినా స్థితి నివేదికలో రాసుకుంటారు. తిరిగి పంపేటప్పుడు మళ్లీ ఇదే తంతు. విలువైన వస్తువుల వెంట అరువిచ్చిన సంస్థ మనిషి ప్రయాణిస్తాడు. విదేశీ వస్తువుల విషయంలో అమెరికాకు రెండు చట్టాలు అండగా ఉన్నాయి. 1965 చట్టం కింద ముందుగా అనుమతి తీసుకుంటే, ప్రదర్శనకు వచ్చిన వస్తువును అక్కడి కోర్టులు జప్తు చేయలేవు. 1975 చట్టం కింద, అర్హమైన ప్రదర్శనలకు నష్టం జరిగితే పరిహారానికి ఫెడరల్ ప్రభుత్వమే పూచీ పడుతుంది.

చిన్న మ్యూజియాలకు ఇంత సరంజామా భారమే. స్మిత్సోనియన్ సంచార ప్రదర్శనల విభాగం 1952 నుంచి చేస్తున్న సాయం ఇక్కడే అక్కరకొస్తుంది. నేషనల్ ఆర్కైవ్స్‌కూ ఇలాంటి విభాగం ఉంది. ఊరూరా తిరిగేందుకు వీలుగా ముందే కూర్చిన ప్రదర్శనలను ఇవి పంపుతాయి. ఈ సౌలభ్యంతోపాటు ఒక పరిమితీ వస్తుంది. అందరి కోసం తయారైన ప్రదర్శనలో ఏ ఒక్క ఊరి ప్రస్తావనా ఉండదు. ఆ లోటు పూడ్చాల్సింది ఆతిథేయే.

4. సిమీ వ్యాలీకి వచ్చిన అతిథులు

రోనాల్డ్ రీగన్ లైబ్రరీ 1991 నవంబరులో లాస్ ఏంజెలెస్ దగ్గరి సిమీ వ్యాలీలో తెరుచుకుంది. అధ్యక్షుల విమానం ఎయిర్ ఫోర్స్ వన్‌ను యథాతథంగా నిలబెట్టిన మంటపం అక్కడి ప్రధాన ఆకర్షణ. భారీ అతిథి ప్రదర్శనలకూ ఈ మ్యూజియం పేరు మోసింది. డిస్నీ సంస్థ భాండాగారం వస్తువులు, వాటికన్ సంపద, టైటానిక్ అవశేషాలు, ఈజిప్టులో మునిగిన నగరాల శిల్పాలు ఒక్కొక్కటిగా ఇక్కడికి వచ్చాయి. వీటికీ రీగన్‌కూ ఏమిటి సంబంధమన్న విమర్శ సహజం. కాస్త తవ్వి చూస్తే కొన్నిచోట్ల సంబంధం లేకపోలేదు.

2017లో వచ్చిన టైటానిక్ ప్రదర్శననే తీసుకుందాం. సముద్రం అడుగున ఆ ఓడ శిథిలం 1985 సెప్టెంబరు 1న బయటపడింది. అది రీగన్ రెండో పదవీకాలం. కనిపెట్టిన రాబర్ట్ బల్లార్డ్ బృందానికి డబ్బిచ్చింది అమెరికా నౌకాదళం. నౌకాదళం అసలు ఉద్దేశం వేరు. 1963లో 129 మందితో మునిగిన థ్రెషర్, 1968లో 99 మందితో మునిగిన స్కార్పియన్ అణు జలాంతర్గాముల శిథిలాలను రహస్యంగా పరిశీలించడం వారికి కావాలి. ఆ పని ముగిశాక మిగిలిన కొద్ది రోజుల్లోనే బల్లార్డ్ టైటానిక్‌ను వెతికారు. సోవియట్ యూనియన్‌కు అనుమానం రాకుండా టైటానిక్ అన్వేషణ ముసుగుగా పనికొచ్చింది. ప్రేమకథగా జనం ఎరిగిన ఓడ వెనక ప్రచ్ఛన్నయుద్ధ చరిత్ర ఉందన్నమాట. అధ్యక్ష మ్యూజియంలో టైటానిక్‌కు చోటెందుకన్న ప్రశ్నకు నిలబడే సమాధానం ఇదే.

2023 మార్చి నుంచి 2024 జనవరి దాకా అక్కడే నడిచిన ఆష్విట్జ్ ప్రదర్శన మరింత బరువైనది. పోలండ్‌లోని ఆష్విట్జ్-బిర్కెనావ్ స్టేట్ మ్యూజియం, స్పెయిన్ సంస్థ మ్యూజియాలియా కలిసి దీన్ని రూపొందించాయి. 2017 చివర్లో మాడ్రిడ్‌లో మొదలై న్యూయార్క్, కాన్సస్ సిటీ వంటి నగరాలు తిరిగి సిమీ వ్యాలీకి చేరింది. 700కు పైగా అసలు వస్తువులు అందులో ఉన్నాయి. నాజీల జాతిహననాన్ని వస్తువుల సాక్ష్యంతో కొత్త తరానికి చెప్పడంలో దాని ప్రయోజనం నిర్వివాదం.

ఈ విషయం ముందు రీగన్ లైబ్రరీ తెరిచి పెట్టదగిన పత్రాలు మాత్రం దాని సొంత భాండాగారంలోనే ఉన్నాయి. 1985 మే 5న రీగన్ పశ్చిమ జర్మనీలోని బిట్‌బర్గ్ సైనిక శ్మశానాన్ని సందర్శించారు. అక్కడ నాజీ సాయుధ దళమైన వాఫెన్ ఎస్.ఎస్. సైనికుల సమాధులున్నాయని ముందే బయటపడటంతో అమెరికా అంతటా గగ్గోలు పుట్టింది. అంతకు రెండు వారాల ముందు, ఏప్రిల్ 19న, ఆష్విట్జ్ నుంచి బతికి బయటపడ్డ రచయిత ఎలీ వీజల్ శ్వేతసౌధంలో పతకం అందుకుంటూ, అక్కడికి వెళ్లవద్దని అధ్యక్షుడి ముఖం మీదే వేడుకున్నారు. రీగన్ వెళ్లారు. అదే రోజు బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరాన్నీ దర్శించారు. మూడేళ్ల తర్వాత, 1988 నవంబరులో, జాతిహననాన్ని నేరంగా ప్రకటించే చట్టం మీద సంతకం చేసిందీ ఆయనే. బిట్‌బర్గ్ చుట్టూ నడిచిన ఉత్తరప్రత్యుత్తరాలు, సలహాదారుల నోట్స్, 1988 చట్టం ఫైళ్లు ఈ కథకు రెండు వైపులా సాక్ష్యం పలుకుతాయి. మాడ్రిడ్‌కూ న్యూయార్క్‌కూ లేని అవకాశం ఇది. దేశాలు తిరిగే ప్రదర్శన అధ్యక్ష మ్యూజియంలో దిగినప్పుడు అదనంగా ఏమి చెప్పగలదన్నదానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ వెతకనక్కర్లేదు.

5. హైడ్ పార్క్ దారి

2017 ఫిబ్రవరి 19న రూజ్‌వెల్ట్ లైబ్రరీ జపనీస్ అమెరికన్ల నిర్బంధంపై ఫొటో ప్రదర్శన తెరిచింది. తేదీ కావాలని ఎంచుకున్నదే. 75 ఏళ్ల కిందట, 1942లో అదే రోజు రూజ్‌వెల్ట్ 9066వ ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ మీద సంతకం చేశారు. ఆ సంతకంతో పశ్చిమ తీరంలోని సుమారు 1,20,000 మంది ఇళ్లూ పొలాలూ వదిలి ముళ్లకంచెల శిబిరాలకు వెళ్లాల్సి వచ్చింది. వారిలో మూడింట రెండొంతుల మంది అమెరికా పౌరులే.

ప్రదర్శనకు బలం అరువు ఫొటోలది. డొరొతియా లాంగ్ తీసిన చిత్రాలు నేషనల్ ఆర్కైవ్స్ సంపద. ప్రభుత్వమే ఆమెను నియమించి, చిత్రాలు చూశాక యుద్ధకాలమంతా వాటిని బయటకు రానివ్వలేదు. మాన్జనార్ శిబిరంలో ఆన్సెల్ ఆడమ్స్ తీసిన చిత్రాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. లాంగ్ చిత్రాల్లో ఇల్లు ఖాళీ చేస్తున్న కుటుంబాల కలవరం ఉంటుంది. ఆడమ్స్ చిత్రాల్లో శిబిరంలోనూ తలెత్తుకు నిలబడ్డ మనుషులు కనిపిస్తారు. ఈ రెండు చూపులూ ఆ ఉత్తర్వు ఇచ్చిన అధ్యక్షుడి సొంత మ్యూజియం గోడల మీదికి చేరాయి. రూజ్‌వెల్ట్ మీద అభిమానంతో వచ్చిన సందర్శకుడు ఆ గోడల్ని దాటి వెళ్లలేడు.

2023లో అదే సంస్థ నల్లజాతి అమెరికన్ల పౌరహక్కులు, రూజ్‌వెల్ట్ దంపతుల పాత్ర అనే అంశం ఎత్తుకుంది. మూకహత్యల నిషేధ బిల్లుకు దక్షిణాది సెనేటర్లు అడ్డుపడినప్పుడు రూజ్‌వెల్ట్ గట్టిగా నిలబడలేదు. కార్మిక నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ వాషింగ్టన్ మీదికి యాత్ర తీస్తామని హెచ్చరించాకే, 1941 జూన్‌లో రక్షణ పరిశ్రమల్లో వర్ణవివక్షను నిషేధించే 8802వ ఉత్తర్వు వెలువడింది. ఎలినార్ రూజ్‌వెల్ట్ భర్త కన్నా చాలా ముందుకు వెళ్లారు. అధ్యక్షుడి ఘనతను, వెనకంజను ఒకే హాల్లో ఎదురెదురుగా నిలపడం వల్ల సంస్థ ప్రతిష్ఠ తగ్గదు. పరిశోధకులకు అక్కడి పత్రాల మీద నమ్మకం పెరగడానికే అది తోడ్పడుతుంది.

6. బోస్టన్: వచ్చిన ప్రదర్శన, ఇంటి టేపులు

క్యూబా క్షిపణి సంక్షోభానికి 50 ఏళ్లు నిండిన సందర్భంగా 2012 అక్టోబరులో వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్ ఒక ప్రదర్శన తెరిచింది. బోస్టన్‌లోని కెనడీ లైబ్రరీతో కలిసి దీన్ని రూపొందించారు. మరుసటి ఏడాది అది బోస్టన్‌కు తరలింది. 1962 అక్టోబరు 16 నుంచి 28 దాకా శ్వేతసౌధంలో జరిగిన సమావేశాలను కెనడీ రహస్యంగా రికార్డు చేయించారు. ఆ టేపులే దీనికి ప్రాణం. క్యూబా మీద బాంబులు వేద్దామన్న సేనాధిపతుల ఒత్తిడి, అధ్యక్షుడి తటపటాయింపు సందర్శకుడి చెవికి నేరుగా సోకుతాయి. చుట్టుప్రక్కల వస్తువులు అరువువి కావచ్చు, వినబడే గొంతు మాత్రం ఆ ఇంటిదే.

ఆ పదమూడు రోజుల్లోనే, అక్టోబరు 20న, హిమాలయాల్లో భారత్-చైనా యుద్ధం మొదలైంది. నవంబరు 19న జవహర్‌లాల్ నెహ్రూ వైమానిక సాయం కోరుతూ కెనడీకి రెండు ఉత్తరాలు రాశారు. అప్పుడు భారత రాష్ట్రపతి తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్. 1963 జూన్‌లో ఆయన శ్వేతసౌధానికి అతిథిగా వెళ్లారు. నెహ్రూ ఉత్తరాలూ ఈ పర్యటన చిత్రాలూ కెనడీ లైబ్రరీలో ఉన్నాయి. ఒకే భాండాగారం నుంచి క్యూబా కథనూ భారత్-చైనా యుద్ధ కథనూ అల్లవచ్చు. రెండోది ప్రదర్శనగా వస్తే భారతీయ పాఠకులకు, ముఖ్యంగా అమెరికాలో స్థిరపడ్డ మనవారికి, ఎంతో దగ్గరగా ఉంటుంది.

7. అరువిచ్చిన చేయి: స్ప్రింగ్‌ఫీల్డ్ పాఠం

అధ్యక్ష మ్యూజియం బయటి వస్తువులు తెచ్చుకున్నట్టే తన వస్తువులను బయటికీ పంపుతుంది. ప్రమాదం ఎక్కువ అక్కడే. లింకన్ గెటిస్‌బర్గ్ ప్రసంగానికి ఆయన చేతిరాతలో మిగిలిన ప్రతులు అయిదే. అందులో ఒకటి ఇల్లినాయ్ రాష్ట్రానిది. 1940లలో దాన్ని కొనడానికి బడిపిల్లలు సైతం చిల్లర పోగేశారు. 2018 వేసవిలో ఈ ప్రతి టెక్సస్‌లో ఒక ప్రైవేటు సంస్థ ఏర్పాటు చేసిన కొద్ది రోజుల ప్రదర్శనకు వెళ్లింది. ప్రతిఫలం 50 వేల డాలర్లు. నిబంధనలు పాటించకుండా, తొందరపాటుతో అరువిచ్చారని రాష్ట్ర ఇన్‌స్పెక్టర్ జనరల్ విచారణ తప్పుపట్టింది. 2019 సెప్టెంబరులో మ్యూజియం డైరెక్టర్‌ను పదవి నుంచి తొలగించారు.

అక్కడే మరో వివాదం సొంతదారు గురించి. మ్యూజియానికి తోడుగా పనిచేసిన ప్రైవేటు ఫౌండేషన్ 2007లో పెద్ద మొత్తం అప్పు చేసి లింకన్ వస్తువుల సేకరణ ఒకటి కొన్నది. లింకన్‌దని చెప్పిన పొడవాటి టోపీ అందులోదే. దాని పుట్టుపూర్వోత్తరాల మీద చరిత్రకారులు అనుమానాలు వెలిబుచ్చారు. తర్వాత ఫౌండేషన్‌కు, రాష్ట్రానికి పొత్తు చెడింది. అప్పు తీర్చడానికి 2025 మేలో ఆ సేకరణలో పలు వస్తువులను వేలం వేశారు. సందర్శకులు మ్యూజియం ఆస్తిగా భావించినవి నిజానికి ఫౌండేషన్ అరువిచ్చిన వస్తువులే. వస్తువు ఎవరిదో గోడ మీది చీటీలో స్పష్టంగా చెప్పడం మర్యాద కోసం మాత్రమే కాదు, ప్రజల నమ్మకం దాని మీదే నిలుస్తుంది.

8. నిర్ధారణలు

పై ఉదాహరణల నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, శాశ్వత గ్యాలరీ చెప్పలేని మాట చెప్పడానికి అధ్యక్ష మ్యూజియానికి తాత్కాలిక హాలు అనువైన వేదిక. హైడ్ పార్క్ దీన్ని రుజువు చేసింది. రెండోది, జనాకర్షణకూ చరిత్రకూ వైరం లేదు. టైటానిక్ వెనక ప్రచ్ఛన్నయుద్ధం ఉన్నట్టే, ఆష్విట్జ్ ప్రదర్శన ముందు తెరవదగ్గ బిట్‌బర్గ్ పత్రాలున్నాయి. ఆ ముడి విప్పాల్సింది ఆతిథేయి పరిశోధకులు. అది విప్పనంతకాలం అధ్యక్ష మ్యూజియానికీ మామూలు ప్రదర్శన మైదానానికీ తేడా ఉండదు. మూడోది, అరువు వ్యవహారం ఎంత పారదర్శకంగా ఉంటే సంస్థ అంత భద్రం. స్ప్రింగ్‌ఫీల్డ్ అనుభవం ఇదే చెబుతోంది.

మనకూ ఈ చర్చ అవసరమే. ఢిల్లీలో రాష్ట్రపతి భవన్ మ్యూజియం 2014, 2016లలో రెండు దశలుగా తెరుచుకుంది. హైదరాబాదు బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం 2023 ఉగాది నుంచి ఏడాది పొడవునా సందర్శకులను అనుమతిస్తోంది. తోటలు, గదులు చూసి వచ్చేవారికి అక్కడ చరిత్ర కూడా దొరకాలి. 1969 రాష్ట్రపతి ఎన్నికలో తలపడ్డ వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి ఇద్దరూ తెలుగువారే. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించాకే గిరి గెలుపు తేలింది, కాంగ్రెస్ చీలికకు ఆ పోటీ దారితీసింది. ఎన్నిక చెల్లదంటూ వేసిన వ్యాజ్యంలో గిరి పదవిలో ఉండగానే సుప్రీంకోర్టు ముందు సాక్ష్యం చెప్పారు. ఓడిన సంజీవరెడ్డి 1977లో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. 1979లో లోక్‌సభ రద్దుకు ఆయన తీసుకున్న నిర్ణయం నేటికీ చర్చనీయాంశమే. ఢిల్లీ నుంచి అరువు పత్రాలు, ఆనాటి తెలుగు పత్రికల సంచికలు, ఇల్లూరులో సంజీవరెడ్డి, బరంపురంలో గిరి కుటుంబాల వద్ద మిగిలిన వస్తువులు కూర్చి, పొగడ్తనూ విమర్శనూ పక్కపక్కన పెట్టి, బొల్లారంలో ఈ అంశం మీద తాత్కాలిక ప్రదర్శన ఏర్పాటు చేయాలి. రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు ఇందుకు చొరవ తీసుకోవాలి.